ఇద్దరు వరుణులు

మా ముత్తాత విజయనగరం దాపున ఒక చిన్న జమీందారీలో పేష్కారు. ఆయన వీధిలో నడిచి వెళ్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా తాత ఆ ఇళ్ళలోంచే మనుషుల్ని వెంటబెట్టుకుని బిలాస్‌పూర్ వచ్చాడు. రైల్వే పనులకు కూలీలను కుదిర్చే కంట్రాక్టరయ్యాడు. ఊళ్ళో తెలిపారా అనే పేటలో రెండంతస్తుల మేడ కట్టాడు. శ్రీకాకుళం నుంచి, బొబ్బిలి నుంచి కొత్తగా దిగినవాడు స్టేషన్లోంచి తిన్నగా మా వాకిట్లోకి వచ్చి "బాబూ" అని నిలబడేవాడు. గ్యాంగులోనో షెడ్డులోనో పని కుదిరాకే అక్కడి నుంచి కదిలేవాడు. తెలుగువాళ్ళు నలుగురు కూర్చునే చోటు ఉండాలని ఇక్కడి తెలుగు సంఘానికి స్థలం ఇచ్చినవాడు కూడా ఆయనే. మా నాన్న ఏ పనీ చేయలేదు. చేయనవసరం లేదని ఆయన నమ్మకం. మేడ ఆయన హయాంలోనే చేతులు మారింది.

పేర్లు రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో నలుగురు లేరు.

నేను ఒక ప్రైవేటు హిందీ బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఊరి చివర ఉస్లాపూర్‌లో ఒక వాటాలో అద్దెకుంటున్నాను. ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆటోలో నలుగురితో ఇరుక్కుని, సంఘం హాలుకి వెళ్ళి వెనక గదిలో పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి. జీతం లేదు. ఇస్తామన్నా తీసుకునేవాణ్ణి కాదు. పిల్లలు అయిదారుగురు వచ్చేవారు, అంతా రైల్వే కుటుంబాల వాళ్ళే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుని, మధ్యలో హిందీలోకి దూకేస్తారు. "ఏటి మాస్టారు" అంటారు. మా ఇంట్లో మా తాత ముందు "ఏటి" అన్నవాడికి ఆ పూట అన్నం లేదు. "ఏమిటి" అనాలి. ఇది నేను పిల్లలకు చెప్పలేదు. చెబితే నవ్వుతారని తెలుసు.

సంఘం సెక్రటరీ గారి తాత రైలు పట్టాల పనిలో గ్యాంగ్‌మన్. మా తాతే పనిలో పెట్టించాడు. సెక్రటరీ గారు రైల్వే ఆఫీసులో పెద్ద గుమాస్తాగా రిటైరయ్యాడు, సొంత ఇల్లు కట్టుకున్నాడు. నన్ను "మాస్టారూ" అంటాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒకరోజు క్లాసయ్యాక గది గుమ్మంలో నిలబడి అసలు సంగతి చెప్పాడు.

"సీదా మాట సెప్తాను మాస్టారూ. ఈ వెనక గదీ, దీని పక్క ఖాళీ జాగా, కోచింగోళ్ళు కొనీస్తామంటన్నారు. కమిటీలో సగంమంది అమ్మీమనే అంటన్నారు. మీ కిలాసుందని నానే ఆపినాను."

"మీరు ఆపారా?"

"మరి? ఈ వార్షికోత్సవానికి పిల్లలు స్టేజీ మీద నిలబడి తెలుగులో దంచీసినారనుకోండి, ఇంక ఎవుడూ మాటాడ్డు. లేదంటే నా చేతుల్లో ఏటీ లేదు."

"పద్యాలు చెప్పిస్తాను."

"పద్యాలొద్దు. అవి ఎవులికీ తెలీవు. సైన్సు. అంతరిక్షం మీద ప్రెజెంటేషన్ పెట్టించండి. పిల్లలే రీసెర్చ్ చేసినారని సెప్తాం. గెస్ట్ గారు కూడా బొగ్గు కంపెనీలో పెద్ద ఇంజనీరు, ఖుషీ అయిపోతారు."

అలా మా తాత ఇచ్చిన స్థలంలో గది నిలవడానికి నేను పరీక్ష రాయాల్సి వచ్చింది. రాశాను.

వచ్చే ఆదివారం అంతరిక్షం గురించి తెలుసుకుని రమ్మన్నాను. పిల్లలంతా రంగు ప్రింట్లు తెచ్చారు. రీసెర్చ్ అంటే వాళ్ళకు తెలిసింది అదే, దుకాణానికి పోయి కాగితాలు తీయించడం. సగం హిందీ, సగం ఇంగ్లీషు. ఒక్కరూ చదవలేదు. కాగితాలన్నీ తీసి కిటికీలో పెట్టి, "ఇప్పుడు చెప్పండి. మీకు తెలియనిది ఏది?" అని అడిగాను.

బడిలో తెలిసినది అడుగుతారు. తెలియనిది ఎవరూ అడగరు. చివరికి వెనక కూర్చున్న పన్నెండేళ్ళ పిల్ల, రైలు నడిపే లోకో పైలట్ కూతురు, రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చేది, చెయ్యెత్తి "నాకు అన్నీ తెలీవు మాస్టారు" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పిల్లతో పని జరుగుతుందని అప్పుడే అర్థమైంది.

తలా ఒక గ్రహం పంచడం మొదలుపెట్టాను. అక్కడే మొదటి గొడవ. శని వచ్చిన కుర్రాడి తల్లి గదిలోకి వచ్చి నిలబడింది. "మా పిల్లడు అందరి ముందూ నిలబడి నాను శనిని అనాలా? ఇంట్లో శుభకార్యం ఉన్నాది." వలయాల గ్రహం అనిపిస్తానని చెప్పి పంపాను. ఇంకొకడు మా తాత తెప్పించుకున్న పాత ఖగోళం పుస్తకం తిరగేసి, అందులో తొమ్మిది గ్రహాలున్నాయనీ, ప్లూటోకి యముడని పేరు రాశారనీ, ఆ యముణ్ణి ఎవరికిచ్చారనీ అడిగాడు. యముణ్ణి గ్రహాల జాబితాలోంచి తీసేశారన్నాను. "అచ్ఛా, మంచి పని చేసినారు" అని గుమ్మంలోంచి ఆ తల్లే అంది.

మిగతావాళ్ళు తమకు కావలసినవి తీసుకోగా, లోకో పైలట్ కూతురికి యురేనస్ వచ్చింది. ఎవరూ అడగని గ్రహం. మామూలు కంటికి ఆనదు. మేమంతా ఒక సాయంత్రం హాలు డాబా ఎక్కితే రైల్వే యార్డు దీపాల కాంతిలో శుక్రుడొక్కడే తేటగా కనిపించాడు. "మరి నాది కనబడనే కనబడదు. కనబడని దాని మీద రీసెర్చ్ ఎలగ?" అంది ఆ పిల్ల.

"చూసినవాళ్ళు రాసింది చదువు. ఒక్కరు రాసింది కాదు. రెండో వాళ్ళదీ, మూడో వాళ్ళదీ చదువు. ముగ్గురూ ఒకే మాట అంటే రాసుకో. వేరువేరుగా అంటే నా దగ్గరకు రా."

మరుసటి ఆదివారమే వచ్చింది. మా తాత పుస్తకంలో యురేనస్‌కి అయిదు చందమామలు. బడి పుస్తకంలో ఇరవై ఏడు. ఫోనులో ఇంకా ఎక్కువ.

"మీ పుస్తకం అబద్ధమాడినాదా మాస్టారు?"

"లేదు. అది అచ్చైన నాటికి మనుషులకు కనిపించినవి అయిదే. తెలియక తక్కువ చెబితే పొరపాటు. తెలిసీ చెబితే అబద్ధం."

"అయితే ఫోనుది కూడా రేపు పొరపాటైపోతాదా?" అంది. అవ్వచ్చన్నాను. ముప్పై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పాను. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

తర్వాత పేర్ల తగువు వచ్చింది. నిజానికి అది నాకు ఎప్పటినుంచో తెలిసినదే. హిందీ పుస్తకాల్లో యురేనస్‌ని అరుణ్ అంటారు, నెప్ట్యూన్‌ని వరుణ్ అంటారు. బళ్ళో ఏళ్ళ తరబడి నేనూ అలాగే చెప్పాను. మా తాత పుస్తకంలో మాత్రం యురేనస్ వరుణుడు, నెప్ట్యూన్ ఇంద్రుడు. ఒకే వరుణుడు భాష మారేసరికి ఒక గ్రహం అవతలికి జరిగిపోతాడు. హిందీ బడీ తెలుగు ఇల్లూ ఉన్న పిల్లలకు తప్ప ఈ చిక్కు ఇంకెవరికీ రాదు.

"ఏది రైటు?" అంది.

"రెండూ. ఎవరు ఏ పేరు పెట్టారో చెబితే రెండూ సరైనవే. మనది తెలుగు సభ గనక వరుణుడు అను. హిందీలో దీన్నే అరుణ్ అంటారని కూడా చెప్పు."

క్లాసులో అందరం అలాగే ఒప్పుకున్నాం. నెప్ట్యూన్ తీసుకున్న అమ్మాయి సెక్రటరీ గారి మనవరాలు. ఆమె చివర్లో చేరి, ఎవరూ తీసుకోనిదాన్ని తీసుకుంది. తెలివైన పిల్లే, కాని ఆమె మాటలన్నీ వాళ్ళ అమ్మ రాసిచ్చేది, తెలుగు మాటలు హిందీ అక్షరాల్లో. "నేను ఇంద్రుణ్ణి" అని రెండు వారాలు చక్కగా చెప్పింది.

యురేనస్ పిల్లకు మిగతావన్నీ వచ్చాయి. ఒక్క మాట దగ్గరే నాకూ ఆమెకూ పడలేదు. ఆ గ్రహం మిగతా వాటిలా నిలువుగా కాక పక్కకు పడిపోయి తిరుగుతుంది. అందుకని దాని ఒక కొసన నలభై రెండేళ్ళు పగలు, మరో నలభై రెండేళ్ళు చీకటి. ఆ పిల్ల దీన్ని "తొంగుని తిరుగుతాది" అనేది. పడుకుని అని అర్థం, మా వైపు మాట. "ఒరిగి తిరుగుతుంది" అనమన్నాను. అన్నది. మళ్ళీ మరిచిపోయి తొంగుని అన్నది. మళ్ళీ దిద్దాను.

వార్షికోత్సవం నాడు పొద్దుటి నుంచీ వాన. హాలు మాత్రం నిండింది. పిల్లలు తెర వెనక వరసగా నిలబడ్డాక సెక్రటరీ గారి కోడలు, ఆ మనవరాలి తల్లి, ఒక సంచీ తెచ్చింది. మెళ్ళో వేసుకునే అట్టలు, గోల్ బజార్‌లో అచ్చు వేయించింది. అక్కడివాడికి తెలుగు రాదు గనక బడి చార్టులోని హిందీ పేర్లు ఫోన్లో తెలుగు లిపిలోకి మార్చి ఇచ్చిందట. మంగళ్, బృహస్పతి, అరుణ్, వరుణ్. ఇంద్రుడు లేడు. శని ఉన్నాడు. ఆ అట్ట ఆ కుర్రాడు జేబులో కుక్కేసుకున్నాడు.

లోకో పైలట్ కూతురు తన అట్ట చూసి, "నాను అరుణ్ కాదు గదా మాస్టారు" అంది.

సెక్రటరీ గారు పక్కనే ఉన్నాడు. "ఏ పేరైతే ఏటమ్మా, తిరిగేది అదే గదా. వేసుకో, టైమైపోనాది."

"వాళ్ళు నేర్చుకున్నది ఇది కాదండీ" అన్నాను.

"మాస్టారూ, ఇప్పుడు మీరు మొదలెట్టకండి" అని ఆయన మైకు దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల అట్టను వెనక్కి తిప్పి మెళ్ళో వేసుకుంది. నేను చూశాను. వారించలేదు.

మనవరాలు ముందు మాట్లాడింది. అట్ట మీద ఉన్నట్టే "నేను వరుణ్ గ్రహాన్ని, సూర్యుడికి అందరికంటే దూరం" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చప్పట్లు కొట్టారు. తర్వాత ఈ పిల్ల వచ్చి, "నేను వరుణుణ్ణి" అంది.

ముందు వరసలోంచి నవ్వు వచ్చింది. గెస్ట్ గారు కృష్ణా జిల్లా మనిషి, సరదా మనిషి. తన మైకు తీసుకుని, "ఒక్క నిమిషం పాపా. ఆ అమ్మాయీ వరుణుడే, నువ్వూ వరుణుడివేనా? అందుకేనన్నమాట మీ ఊళ్ళో ఇంత వాన" అన్నాడు. హాలంతా నవ్వింది. జోకు బాగానే ఉంది. నేనూ ఇంకోచోటైతే నవ్వేవాణ్ణి.

ఆ పిల్ల నవ్వు ఆగేదాకా నిలబడింది. "మా బళ్ళో పుస్తకంలో నా పేరు అరుణ్. తెలుగు పుస్తకంలో వరుణుడు. అందులో ఆ అమ్మాయి పేరు ఇంద్రుడు. రెండూ రైటే. పేర్లు మనుషులు పెట్టినవి" అంది.

"వరుణుడంటే వానదేవుడమ్మా. గ్రహమేమిటి? నేనెప్పుడూ వినలేదు. యురేనస్ అను, చాలు."

"కాదండి. పుస్తకంలో ఉన్నాది."

"ఉన్నాదా?" అన్నాడాయన, ఆ మాటను అదే యాసలో సాగదీసి.

ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. నేను వేదిక పక్క నుంచి హాల్లోకి చూశాను. నవ్వుతున్నవాళ్ళంతా మా వాళ్ళే. ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పగానే "అన్నం ఉన్నాదా" అని అడిగేవాళ్ళే. అందరికన్నా గట్టిగా నవ్వింది వాళ్ళే.

పిల్ల మొహం ఎర్రబడింది. అయినా దిగిపోలేదు. గౌను జేబులోంచి ఒక బొంగరం తీసింది. ఇక్కడి పిల్లలు దాన్ని భౌంరా అంటారు. తాడు చుట్టి వేదిక మీద తిప్పి, అది పడిపోయాక చేతిలోకి తీసుకుని, "భౌంరా పడిపోతే ఆగిపోతాది. ఇది ఎప్పుడో పడిపోనాది, దేన్నో గుద్దుకుని పడిపోనాదని అంటారు. ఇంకా ఎవులికీ గట్టిగా తెలీదు. కానీ ఆగలేదు. తొంగునే తిరుగుతాది" అంది. బొంగరం సంగతి నేను నేర్పలేదు. "తొంగుని" వద్దని ఎన్నిసార్లు దిద్దానో చెప్పాను గదా. ఆ రోజు ఆ మాట వింటుంటే దిద్దాలనిపించలేదు.

గెస్ట్ గారు తన ఉపన్యాసంలో పిల్లల ఉత్సాహాన్ని మెచ్చుకున్నాడు. ఇక్కడి తెలుగు ఇంకా బాగుపడాలన్నాడు. శాలువా కప్పించుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే సెక్రటరీ గారు మా వాటాకి వచ్చాడు. ఇంతకు ముందెప్పుడూ రాలేదు. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకు వేసి నేను మంచం మీద కూర్చున్నాను. ఆయన గది నాలుగు పక్కలా చూసి, చూడనట్టు నటించాడు. అది నాకు ఎక్కువ బాధ.

"మా కోడలు ఏడుపు మానడం లేదు మాస్టారూ. మా మనవరాలు గుంటే తప్పు చెప్పినట్టు అందరికీ అయిపోనాది. వాట్సాప్ గ్రూపులో ఇద్దరు వరుణుల బొమ్మలు పెట్టి నవ్వుతన్నారు."

"మీ మనవరాలు తప్పు చెప్పలేదు. హిందీ పేరు చెప్పింది. ఆ సంగతి ఈ పిల్ల అక్కడే చెప్పింది గదా."

"అదే మాస్టారూ. అంత పెద్ద మనిషి ముందు ఎందుకు చెప్పాలి? బస్, ఒక్క పని చెయ్యండి. ఆదివారం కమిటీలో, ఆ లోకో పైలట్ కూతురే పొరబడినాది, వరుణుడంటే నెప్ట్యూనే అని ఒక్క మాట అనీండి. మా కోడలి నోరు మూతపడతాది. నానే లేచి గది అమ్మొద్దంటాను. నా మాట మీద సగం కమిటీ ఉన్నాది."

"అనకపోతే?"

"మీకు సెప్పక్కర్లేదు" అని లేచాడు.

ఆ మాట పిల్ల ఇంటికీ చేరింది. తండ్రి డ్యూటీ దిగి, యూనిఫారంలోనే, పిల్లను బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. "అనీండి మాస్టారూ. మా గుంట ఏటీ అనుకోదు. చిన్నపిల్ల, రేపటికి మరిచిపోతాది" అన్నాడు.

నేను ఆ పిల్లను అడిగాను. "నువ్వేమంటావు?"

తండ్రి చొక్కా పట్టుకుని నిలబడి, కిందకి చూస్తూ, "గది ఉంటాది గదా మాస్టారు" అంది.

"అయితే నువ్వు పొరబడ్డావని అనమంటావా?"

"పొరపాటు కాదు గదా. అబద్ధమాడీండి" అంది.

నేను నేర్పిన తేడాను ఆ పిల్ల ఎంత సరిగ్గా పట్టుకుందో అప్పుడు తెలిసింది. పట్టుకుని, గది కోసం వదిలేయడానికి కూడా సిద్ధపడింది. పన్నెండేళ్ళకే ఆ బేరం నేర్చుకోవలసి రావడం మీద నాకు కలిగిన కోపం ఇంతవరకూ తగ్గలేదు. ఎవరి మీద కోపమో మాత్రం చెప్పలేను. వాళ్ళకు టీ ఇచ్చి పంపాను. మాట ఇవ్వలేదు.

ఆదివారం కమిటీ ముందుకు మా తాత పుస్తకం తీసుకుని వెళ్ళాను. సెక్రటరీ గారు అందరి ముందూ ఎంతో మర్యాదగానే అడిగాడు. "మాస్టారూ, ఆ వేళ ఏది రైటో మీరే సెప్పీండి, అయిపోతాది."

"పిల్ల చెప్పింది నిజం. ఇదిగో పుస్తకం. పేజీలో గుర్తు పెట్టాను. చదవండి" అన్నాను.

పుస్తకం బల్ల మీద ఉంది. ఎవరూ చెయ్యి చాపలేదు. ఒకాయన కళ్ళజోడు తేలేదన్నాడు. కళ్ళజోడు ఆయన జేబులోనే కనిపిస్తోంది. వాళ్ళలో అచ్చు తెలుగు ఒక పేజీ ఆగకుండా చదవగలిగినవాడు లేడు. చివరికి సెక్రటరీ గారు తీసుకుని, బొమ్మలు తిప్పి, "ఇది పాతది గదా మాస్టారూ" అని తిరిగి నా ముందు పెట్టాడు.

మొండితనమని తర్వాత చాలామంది అన్నారు. మేడ పోయినా బింకం పోలేదన్నారు. ఒక్క అబద్ధానికి గది నిలిచేది, పిల్లలకు చోటుండేది, నిజమే. కాని ఆ గదిలో మళ్ళీ కూర్చుని ఆ పిల్లకే రెండు పుస్తకాలు చూసి చెప్పమని నేను ఏ మొహంతో అడగను? ఇంకెవరైనా అడగగలరేమో. మా ఇంట్లో పుట్టినవాడికి అది రాదు.

అమ్మడానికే చేతులెత్తి ఓటు వేశారు. స్థలమిచ్చిన కుటుంబం గనక నా సంతకం కావాలేమోనని వకీలును ముందే కనుక్కున్నారట. అక్కర్లేదన్నాడట. ఆ సంగతి సెక్రటరీ గారే నాకు సంతోషంగా చెప్పాడు, నన్ను శ్రమ పెట్టనవసరం లేదన్నట్టు.

పిల్లలు ఇప్పుడు నా దగ్గరకు ఎవరూ రారు. లోకో పైలట్‌కి బదిలీ అయిందని విన్నాను. ఏ ఊరికో కనుక్కోలేదు.

దీపావళికి ముందే సంఘం తన వెనక సగం స్థలాన్ని, గదితో సహా, కోచింగ్ సెంటర్ వాళ్ళకు అమ్మేసింది.